ఎల్లమ్మ వయసు అడగబోయి

లోహాలను ప్రశ్నించడం నా ఉద్యోగం. హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో కూర్చుని పాత విగ్రహాలనూ గంటలనూ నాణేలనూ ‘ఎక్కడ పుట్టావు, ఎప్పుడు పుట్టావు, నిన్ను ఎలా చేశారు’ అని అడుగుతుంటాను. లోహం అబద్ధమాడదు, ఎదురు చెప్పదు, మాట మధ్యలో ఫోన్ ఎత్తదు. చిక్కంతా దాని వెంట వచ్చే మనుషులతోనే.

ఈసారి వచ్చిన చిక్కు పేరు రాజం గుర్జీ. సిరోంచకు కొంచెం పైన, ప్రాణహిత ఒడ్డు ఊళ్ళో ఉండే రిటైర్డ్ బడిపంతులు. మహారాష్ట్రలో పంతులును గురూజీ అంటారు. అక్కడి తెలుగువాళ్ళ నోట్లో అది గుర్జీ అయింది. తమ ఊరి ఎల్లమ్మ విగ్రహం కాకతీయుల నాటిదని ఆయన ఏళ్ళ తరబడి కనిపించిన ప్రతి ఆఫీసుకూ అర్జీ పెడుతూ వచ్చారు. కోరిక చిన్నదే. ఊరి మొదట్లో ఒక బోర్డు, ఆ బోర్డు దాకా ఒక రోడ్డు. ఆఫీసులు తమకు బాగా చేతనైన పని చేశాయి, అంటే ఏమీ చేయలేదు. అంతా సవ్యంగా సాగిపోతుండగా ఉన్నట్టుండి ఒక ఆఫీసు ఆయన్ని నమ్మింది. అంత పాత విగ్రహాన్ని తాళం కూడా లేని గుడిలో ఉంచకూడదు కాబట్టి మ్యూజియానికి తరలిస్తామంది. చట్టం ప్రకారం నూరేళ్ళు దాటితేనే పురావస్తువు కాబట్టి, దాటిందో లేదో తేల్చమని మాకు రాసింది.

ఆ వారమే గుర్జీ ఫోన్ చేశారు.

“మేడం, జర జల్ది రాండ్రి. ఊల్లె ఒక్కడు నాతోని మాట్లాడ్తలేడు. ఇంట్ల నా భార్య అన్నం పెడ్తాంది గని మాట్లాడ్తలేదు.”

“అంటే, పాతది కాదని నేను చెప్పాలంటారా?”

“అయ్యో, గట్లెట్ల! పాతదే మేడం, కాకతీయులదే. గని పోవద్దు.”

విజ్ఞానశాస్త్రం నుంచి ఇంత చిన్న సాయం కోరిన మనిషిని అంతవరకూ చూడలేదు. బయలుదేరాను.

పొద్దున్నే సికింద్రాబాదులో రైలెక్కి పదకొండు దాటాక మంచిర్యాలలో దిగాను. రైలు సమయానికే వచ్చింది. ప్రయాణంలో అనుకున్నట్టు జరిగింది అదొక్కటే కనుక రాసిపెడుతున్నాను. స్టేషన్ బయట దోసె తిని, చెన్నూరు బస్సెక్కి, అక్కడ బస్సు మారాను. ఒళ్ళో పెట్టుకున్న పెట్టెలో నా యంత్రం ఉంది. మేము దాన్ని ఎక్స్‌రే తుపాకి అంటాం. ఆకారం కూడా అలాగే ఉంటుంది, పిడి, ట్రిగ్గర్‌తో సహా. లోహానికి ఆనించి నొక్కితే అందులో రాగి ఎంత, తగరం ఎంత, జింకు ఎంత అని నిమిషంలో చెప్పేస్తుంది. దీన్ని ఇలా తయారుచేసిన మహానుభావుడు, ఒకనాడు ఎవరైనా దీంతో గడ్చిరోలి జిల్లాలోకి బస్సులో వెళ్ళవలసి వస్తుందని ఊహించి ఉండడు.

ప్రాణహిత వంతెన దాటగానే తనిఖీ. కుర్ర పోలీసు పెట్టె తెరిచాడు. తుపాకిని చూశాడు, నన్ను చూశాడు, నా నెరిసిన జుట్టు చూశాడు. ఈ మూడింటినీ కలిపి ఏ అభిప్రాయానికి రావాలో అతనికి తోచలేదు. నేను ఉత్తరం చూపించి, యంత్రాన్ని బస్సు కిటికీ చువ్వకు ఆనించి నొక్కాను. ఇనుము, కొంచెం మాంగనీసు అని తెర మీద వచ్చింది. అతని ముఖం విప్పారింది. వేలి ఉంగరం తీసి నా ముందు పెట్టాడు, పెళ్ళిదట. నేను ఉంగరాన్నీ అతని సంబరాన్నీ చూసి, ఛార్జింగ్ అయిపోయిందన్నాను. ఇద్దరి కాపురం నిలబెట్టిన తృప్తితో కూర్చుంటే వెనక సీట్లో ముసలావిడ నా భుజం తట్టింది.

“బిడ్డా, చార్జింగు ఎక్కినంక నా మెడల గుండ్లు జర సూడరాదు? కంసాలోని మీద నాకు మొదటి సంది అనుమానమే.”

సిరోంచలో దిగేసరికి నాలుగైంది. బోర్డులు మరాఠీలో, టీవీ హిందీలో, బేరాలు తెలుగులో ఉన్న ఊరు. బస్టాండు దగ్గరి లాడ్జిలో గది దొరికింది. ఫ్యాను తిరుగుతుంది, కానీ గాలి విషయంలో దానికేమీ బాధ్యత లేనట్టుంది. రాత్రి భోజనం మాత్రం వంక పెట్టడానికి లేదు, ఏటి చేపల పులుసు, సన్నబియ్యం అన్నం. వడ్డించిన లాడ్జి యజమాని నా పని సంగతి విని నవ్వాడు.

“మా తాలూకాల డైనోసార్ల బొక్కలు దొరికినయి మేడం. మీరు ఎల్లమ్మ వయసు అడగనీకి ఇంత దూరం వచ్చిండ్రా?”

మర్నాడు పొద్దున, విగ్రహాన్ని తీసుకుపోవడానికి రావలసిన అధికారి పక్క గదిలోనే ఉన్నారని తెలిసింది. గడ్చిరోలి నుంచి ఆష్టి, ఆలాపల్లి మీదుగా జీపులో వచ్చారట. సిరోంచ కూడా గడ్చిరోలి జిల్లాలోనే ఉందని కాగితాలు చెబుతాయి. ఆయన నడుము మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు. కుర్చీలో ఒక పక్కకు ఒరిగి కూర్చుని టీ తాగుతూ, హిందీలో నాతో, “తొందరగా తేల్చండి మేడం. పాతదైతే సాయంత్రానికి ప్యాక్ చేసుకుని పోతాను” అన్నారు. జీపు వెనకాల గడ్డి పరిచిన చెక్కపెట్టె అప్పుడే సిద్ధంగా ఉంది. తీర్పు కంటే ముందు పెట్టె వచ్చిందన్నమాట.

జీపులో వెళ్ళిన మమ్మల్ని గుర్జీ ఊరి బయటే కలుసుకున్నారు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాలో ఉన్నారు. వరి మళ్ళ మధ్య నడుస్తుంటే ఎదురైనవాళ్ళు నాకు దండం పెట్టారు, అధికారికి పెట్టారు, జీపు డ్రైవరుకు కూడా పెట్టారు. గుర్జీని మాత్రం అక్కడ లేనట్టే దాటిపోయారు. ఆయన ప్రతిసారీ చొక్కా సర్దుకున్నారు. నాకు నవ్వూ వచ్చింది, బాధా వేసింది.

గుడి అంటే రేకుల కప్పు కింద ఒక గది. ఎల్లమ్మ మూరెడు కూడా లేదు. ప్రతి శుక్రవారం చింతపండు, బూడిద పెట్టి తోముతారట, ముక్కూ కళ్ళూ అరిగి నునుపైపోయాయి. పక్కన దీపం పెట్టే మల్లవ్వ కూర్చుని ఉంది. ఎనభై దాటి ఉంటుంది. నేను తుపాకి తీయగానే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“అమ్మకు నొప్పయితదా బిడ్డా?”

“కాదవ్వా. వెలుతురు పడ్డట్టే.”

“నీకెట్ల ఎరుక? అడిగినవా?”

ఇరవై ఏళ్ళలో ఏ లోహాన్నీ నేను అనుమతి అడగలేదు. అవ్వే అమ్మవారి చెవి దగ్గర ఏదో గొణిగి, కాసేపు ఆగి, కానివ్వమని తల ఊపింది. అధికారి గడియారం చూసుకున్నారు. మ్యూజియంలో విగ్రహాన్ని అడిగే సౌకర్యం ఉండదు కదా.

ముందు తల, తర్వాత ఛాతీ, చేతులు, నడుము. అన్నిచోట్లా ఒకటే జవాబు వచ్చింది. రాగి, బాగా జింకు, ఆపైన కొంచెం నికెల్. అంటే ఇత్తడి. పైగా ఆ నికెల్ ఈ కాలపు నాణేలు కరిగించి కలిపితే వచ్చే రకం. కాకతీయులు ఎన్ని గొప్ప పనులైనా చేసి ఉండవచ్చు కానీ స్వతంత్ర భారతదేశపు చిల్లర మాత్రం వాడి ఉండరు. మెల్లగా గుర్జీకి చెప్పాను. ఆయన గోడకు ఆనుకున్నారు. అమ్మవారు ఊళ్ళోనే ఉంటుందని సంతోషించాలో, తన పరిశోధన అంతా గంగలో కలిసిందని ఏడవాలో తెలియక ఆయన ముఖం రెండు పనులూ ఒకేసారి చేయబోయింది.

“పాదాలు సూడుండ్రి మేడం. కడమది కొత్తదైతే కావచ్చు. పాదాలు సూడుండ్రి.”

చూశాను. చీలమండల దగ్గర చుట్టూ సన్నటి అతుకు గీత ఉంది. గీతకు కింద, పాదాలూ పలచటి పీఠమూ పూర్తిగా వేరే లోహం. రాగి, తగరం, రవ్వంత ఆర్సెనిక్. జింకు లేదు, నికెల్ లేదు. మేలైన పాత కంచు. మూడుసార్లు చూశాను, యంత్రం మాట మార్చలేదు. పాత పాదాలు దొరికితే వాటి మీద కొత్త ఒళ్ళు పోశారా అనే అనుమానం నాకే వచ్చింది. అది పైకి అనడం నా పొరపాటు.

“నేను చెప్పలేదా!” గుర్జీ గొంతు గుడంతా వినిపించింది. “కాకతీయుల పాదాలు!”

“పాదాలు పాతవైతే మొత్తం పాతదే” అన్నారు అధికారి, నడుము నొప్పి మరిచిపోయి లేస్తూ. “పాదాలు కోసుకుని పోలేం కదా. పెట్టె తీసుకురండి.”

అప్పుడు అర్థమైంది గుర్జీకి తానేం అన్నారో. గుమ్మం దగ్గర గుమిగూడిన జనంలో ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. అది ఆయన భార్య అని తర్వాత తెలిసింది.

నేను అధికారిని ఆపి, అక్కడున్న పెద్దవాళ్ళను అడిగాను. ఈ పాదాలు ఎప్పుడు పోశారు? ఎవరు పోశారు? అందరూ నేల చూశారు. మల్లవ్వ దీపం వత్తి సర్దింది.

“నన్ను గూడ గిట్లనే తిప్పలు పెట్టిండ్రు మేడం” అన్నారు గుర్జీ. “అమ్మ ముంగట అబద్ధం ఆడరని ఒక్కొక్కల్ని ఈడ్నే కూసోపెట్టి అడిగిన. అమ్మ ఎన్కటి సంది ఉన్నదంటరు, అంతే. గందుకే ఇగ కాకతీయులే అని రాసిన.”

ఎవరూ ఏమీ చెప్పకపోతే అది కాకతీయులదే. చరిత్ర రాయడంలో ఇది కొత్త పద్ధతేమీ కాదు, ఇంకా పెద్ద పెద్దవాళ్ళు కూడా వాడారు.

పెట్టె గుమ్మం దాకా వచ్చింది. అప్పుడు మల్లవ్వ లేచి నా ముంజేయి పట్టుకుంది. ఆ వయసులో అంత పట్టు ఉంటుందనుకోలేదు. గడప దాటించి, కల్లం దాకా లాక్కుపోయి, గుడి కనపడకుండా గడ్డివాము వెనక నిలబెట్టింది. గుర్జీ, అధికారి వెంట వచ్చారు.

“ఇగ అడుగు.”

“లోపల అడిగాను కదవ్వా?”

“లోపల అమ్మ వింటది గద. నిన్ను కరిగించి పోసినమని ఆమె ముంగట ఎట్ల అంటరు? మనిషి ముంగట వాని సావు మాట అంటరా?” అని గుర్జీ వైపు తిరిగింది. “వీడు చదువుకున్నోడు. అందర్ని తీస్కపోయి ఆమె ముంగటనే కూసోపెట్టె. ఎవ్వలు చెప్తరు? ఒక్కనాడన్న ఈడ అడిగినవా రా?”

ఆయన అడగలేదు. పొద్దున గుడిలో మాట్లాడి, బయటికి వచ్చాక రాసుకోవడానికి ఇంటికి వెళ్ళిపోయేవారు.

తర్వాత అవ్వ చెప్పింది. ఏటి వరదలో గుడి కూలి అమ్మవారి చెయ్యి విరిగింది. విరిగిన బొమ్మకు దీపం పెట్టరు. ఈ ఊళ్ళో వెనకటి నుంచీ ఉన్న రివాజు ఏమిటంటే, ఇంటికొక ఇత్తడి గిన్నె, ఒక నాణెం తెచ్చి, విరిగిన అమ్మతోపాటు కరిగించి మళ్ళీ పోయడం. అవ్వ అప్పుడు కొత్త కోడలు. అడవి వైపు నుంచి ఓజవాళ్ళు, అంటే మైనంతో బొమ్మ చేసి, మట్టి అచ్చులో పోతపోసేవాళ్ళు వచ్చారు. కూలోళ్ళ వాడ నుంచి మాత్రం గిన్నెలు తీసుకోలేదు. వాళ్ళు బొగ్గులు మోశారు, తిత్తులు ఊదారు. అంతవరకు అంటు లేదు కాబోలు.

“పోత పోస్తాంటె లోహం తక్కువ వడ్డది. బొమ్మను తలకిందులు వెట్టి పోస్తరు గద, పాదాల కాడికి వచ్చి ఆగింది. అచ్చు సల్లారితె ఇగ అతకదని ఓజాయన ఒకటే ఒర్రుడు. ఊల్లెకు ఉరికి గిన్నె తెచ్చెటాల్లకు అయిపాయె. గప్పుడు బొగ్గులు మోసేటి బుచ్చక్క కాలు లేపి బండ మీద వెట్టింది. కంచు కడియం, లావుది. సుత్తెతోని ఒక్కటి గొడితె పలిగింది. మూసల ఏసిండ్రు.”

“ఎవరూ వద్దనలేదా?”

“వద్దనెటందుకు టైం ఏడిది బిడ్డా? అడుగుకుంట కూసుంటె అమ్మకు పాదాలే లేకపోతుండె.”

కులం పట్టింపుకు కూడా తీరుబడి ఉండాలని నాకప్పుడే తెలిసింది.

“రెండో కాలు గూడ వెట్టింది. ఓజాయన సాలన్నడు. ఒక్కదానితోనే సరిపోయింది” అంది అవ్వ. గుర్జీ వైపు చూడకుండానే అంది.

గుర్జీ గడ్డివాము మీద చెయ్యి వేసి నిలబడ్డారు. ఆయన ఇస్త్రీ చొక్కా ముడతలు పడింది, సర్దుకోలేదు. బుచ్చక్క ఆయన తల్లి.

“మా అమ్మకు ఒంటి కాలుకే కడియం ఉండేది” అన్నారు. “బడిల పోరగాండ్లు ఎక్కిరిస్తుంటె నేను ఆమెతోని నడిచేటోన్నే కాదు. అడిగితె, పోయింది తియ్యిరా అంటుండె. అవ్వా, నాకెందుకు చెప్పలే?”

“ఇచ్చినోళ్ళు ఇచ్చినమని చెప్పుకోవద్దు. అది ఇచ్చినట్టు గాదు. నువ్వు నన్ను అడుగకపోతివి.”

ఎక్స్‌రే తుపాకి కన్నీళ్ళ గురించి ఏమీ చెప్పదు. నేను చెప్పగలిగిన మాట ఒక్కటే చెప్పాను. “రెండో కడియం ఉందా గుర్జీ?”

ఉంది. సందుకలో చీర మడతల్లో దాచిన కడియాన్ని ఆయన భార్య తెచ్చింది. తెచ్చి, నా చేతికి కాకుండా ఆయన చేతికి ఇచ్చింది. “పట్టు” అంది. వారం రోజుల్లో ఆయనతో అన్న మొదటి మాట అదేనట. కల్లంలోనే యంత్రం ఆనించి నొక్కాను. రాగి, తగరం, రవ్వంత ఆర్సెనిక్. గుడిలోకి వెళ్ళి పాదాలకు మరోసారి ఆనించాను. దశాంశాల దగ్గర తప్ప తేడా లేదు. ఒకే మూసలోంచి వచ్చిన జోడు. పీఠం అడుగున పగులులోంచి అచ్చు మట్టి రేణువు కూడా తీసుకున్నాను. ఆ మట్టి చివరిసారి ఎప్పుడు కాలిందో ప్రయోగశాలలో తేలుతుంది. తర్వాత అది కూడా అవ్వ చెప్పిందే చెప్పింది.

“విగ్రహం నూరేళ్ళది కాదు. అందులో సగం వయసు కాస్త దాటి ఉంటుందేమో” అన్నాను అధికారితో.

ఆయన పెట్టె వైపు దిగులుగా చూశారు. అంత దూరం గడ్డితో వచ్చి గడ్డితోనే వెళ్ళాలి మరి. “ఆ కడియం నూరేళ్ళు దాటిందేమో?” అన్నారు ఆశగా. నేను చూసిన చూపుకు మళ్ళీ నడుము పట్టుకుని జీపు ఎక్కారు. ఆయన కోసం ఒక మంచి రోడ్డు వేయించాలని నాకు కూడా అనిపించింది.

ఆ పూట గుర్జీ ఇంట్లోనే భోజనం. ఊళ్ళో సగం మంది ఏదో ఒక వంకతో వచ్చి ఆయన్ని పలకరించి పోయారు. ఆయన అందరికీ జవాబు చెప్పారు కానీ చెయ్యి మాత్రం కడియం మీదే ఉంది.

మర్నాడు ఏడింటికి సిరోంచ బస్టాండులో కాళేశ్వరం వైపు వెళ్ళే బస్సు ఎక్కాను. అది కదిలేలోపు గుర్జీ పరుగెత్తుకుంటూ వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డారు.

“పొద్దుగాల గుడికి పోయిన మేడం. ఇన్నేండ్లు ఆ పాదాలు మొక్కినప్పుడల్ల కొలతలు సూస్తుంటి, గీతలు సూస్తుంటి. ఇయ్యాల ఉట్టిగనే మొక్కిన.” కిటికీ చువ్వ పట్టుకున్నారు. “రిపోర్టుల మా అమ్మ పేరు రాస్తరా?”

“రిపోర్టులో మనుషుల పేర్లు ఉండవు గుర్జీ. రాగి, తగరం అని ఉంటుంది.”

“ఎరుకే. కాని నేను చెప్పుకోరాదు గద. ఇచ్చినోళ్ళ ఇంటోళ్ళు చెప్పుకుంటె అది ఇచ్చినట్టు గాదు. మీరు బయటోళ్ళు. మీరు ఎక్కడన్న రాయొచ్చు.”

బస్సు కదిలింది. గోదావరి వంతెన మీద వెళ్తుంటే నీళ్ళు రెండు రంగుల్లో కలుస్తూ కనిపించాయి. పక్క సీటాయన ఏది ప్రాణహితో ఏది గోదావరో చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో తానే అనుమానపడి ఊరుకున్నాడు. నేను భూపాలపల్లి దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. వస్తువు ఎక్కడ పుట్టిందని ఇన్నేళ్ళుగా అడుగుతున్నాను. ఎవరి కాలి నుంచి వచ్చిందని ఎప్పుడూ అడగలేదు. నాకు ఏడుపు వచ్చింది, అంతే, దానికి వేరే పేరు పెట్టను.

మీలో ఎవరైనా వెళ్ళాలనుకుంటే మంచిర్యాల మీదుగా వెళ్ళి కాళేశ్వరం మీదుగా తిరిగి రండి. లాడ్జిలో చేపల పులుసు అడగండి, ఫ్యాను గురించి అడగకండి. ఊరి మొదట్లో బోర్డు ఉండదు, రోడ్డు సంగతి మీ నడుముకే తెలియాలి. గుడిలో అమ్మవారి వయసు మాత్రం ఎత్తకండి. దండం పెట్టుకుని, గడప దాటి, గడ్డివాము వెనక్కి వచ్చి, ఆ పాదాలు ఎవరివని అడగండి. గుర్జీ నేల చూస్తారు. పక్కనున్నవాళ్ళెవరైనా చెప్తారు, బుచ్చక్కవని.